డబ్బాలో వెయ్యని చిల్లర

చెప్పుకుంటే సిగ్గుచేటు, దాచుకుంటే కడుపుబ్బరం. అందుకని ఒక్కసారి చెప్పేస్తాను. మధ్యలో ఎవరూ నన్ను ఓదార్చకండి.

బస్సుల్లో టికెట్లు చెక్ చేసే ఇన్‌స్పెక్టర్‌గా ఇరవై ఎనిమిదేళ్ళు చేసి రిటైరయ్యాను. దారిలో చెయ్యెత్తి బస్సు ఆపి, మంచి నిద్రలో ఉన్నవాళ్ళని తట్టి లేపి, టికెట్ టికెట్ అంటూ చెయ్యి చాపిన మనిషిని. అత్తవారింట్లో నన్ను 'స్క్వాడ్ బావ' అనేవాళ్ళు. పెళ్ళి పంక్తిలో నేను కనబడగానే మరదళ్ళు "టికెట్లు తీసి పెట్టుకోండర్రా" అని నవ్వేవాళ్ళు. వాళ్ళు ఏడిపిస్తున్నారని తెలుసు. అయినా నాకది బిరుదులాగే ఉండేది.

మా చిన్న మరదలూ తోడల్లుడూ వేరే దేశంలో ఉంటారు. కొత్తిల్లు కొన్నాం, వచ్చి వారం ఉండమంటే బయల్దేరాం. చవగ్గా వస్తుందని దారిలో ఒక దీవిలో తొమ్మిది గంటలు ఆగే విమానం వెతికి పట్టింది నేనే. పొద్దున ఏడింటికి దిగాం. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ ఎక్కాలి.

"తొమ్మిది గంటలు ఆ ఇనప కుర్చీల్లో కూర్చుంటే నా నడుము నాది కాదు. ఊళ్ళోకి వెళ్ళి సముద్రం చూసి, ఇంత తిని వద్దాం పదండి" అంది మా ఆవిడ.

బయట పొద్దున్నే ఉడకబోత. చొక్కా వీపుకి అంటుకుపోయింది. టాక్సీవాళ్ళు చుట్టుముట్టారు. ఒకడు చెప్పిన రేటుకి మా వైపు దూడతో సహా గేదొస్తుంది. "బస్సనేది ఉండగా టాక్సీ ఎక్కేవాడు గాడిద" అని రేకుల షెడ్డు కింద నిలబడ్డాను. ఇరవై నిమిషాలకి ఎండకి రంగు వెలిసిన చిన్న బస్సొకటి వచ్చింది.

డ్రైవరు ఆడమనిషి. నలభై ఉంటాయి. మెడచుట్టూ తువ్వాలు, సీటు పక్కన తాడుతో కట్టిన మంచినీళ్ళ సీసా. కండక్టర్ లేడు. ఆమె పక్కనే ఒక మెషీన్, అందులో చిల్లర వేస్తే టికెట్ వస్తుంది. నా దగ్గర ఉన్నదేమో పెద్ద నోటు. ఆమె దాన్ని చూసి నవ్వి, తల అడ్డంగా ఊపి, వెళ్ళి కూర్చోమంది. టికెట్ లేకుండా బస్సెక్కడం నా జన్మలో అదే మొదలు.

"ఆవిడే కూర్చోమంటుంటే మీకేంటండీ బాధ?" అని మా ఆవిడ నా చెయ్యి పట్టి లాగింది.

కూర్చున్నాను గానీ కళ్ళు ఊరుకోవుగా. మెషీన్ కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. కొందరు మెషీన్‌లో వేసి టికెట్ తీసుకుంటున్నారు. కొందరు డబ్బాలో వేసి, టికెట్ లేకుండానే వెళ్ళి కూర్చుంటున్నారు. బుట్టతో ఎక్కిన ఒక ముసలాయన ఎందులోనూ వెయ్యలేదు. సిగ్నల్ దగ్గర ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి, నాణేలు తీసి ఎవరికో చిల్లరిచ్చింది. మా డిపోలో దీన్ని చేతివాటం అంటారు. ఇలాంటి చేతుల్ని ఎన్ని పట్టుకున్నానో. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఆ రోజు నా కళ్ళు అంత పచ్చగా ఉన్నాయి.

మా ఆవిడ బళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ప్రపంచంలో ఎవరితోనైనా సంసారం గురించి మాట్లాడేస్తుంది. అప్పటికే వెళ్ళి డ్రైవరమ్మ వెనక సీట్లో కూర్చుంది. ఆమె అద్దంలోంచి మాట్లాడుతూ మా రోజంతా కుదిర్చి పెట్టింది. ఈ బస్సు దీవి చుట్టూ తిరుగుతుందట. మూడో స్టాపులో దిగితే సముద్రం, అక్కడినుంచి నీడలో నడిస్తే బజారు. సముద్రం ఎదురుగా ఉన్న హోటళ్ళలో తినకండి, సముద్రానికి కూడా బిల్లేస్తారు అందట. బజారు వెనక డ్రైవర్లు తినే మెస్సుంది, అక్కడ తినండి, నేను కూడా భోజనానికి అక్కడికే వస్తాను, తర్వాత నా బస్సులోనే మిమ్మల్ని దింపేస్తాను అందట.

అన్నీ ఆమె చెప్పినట్టే చేశాం. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడింది. బజారు వెనక మెస్సంటే పెద్ద రేకుల పాక. పొడుగు బల్లలు, వాటిమీద పూలబొమ్మల రబ్బరు గుడ్డ. గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి, కావలసిందానివైపు వేలు చూపిస్తే పెడతారు. వేడన్నం, కూర, చారులాంటిదొకటి. ఇద్దరికీ కడుపు నిండింది. టాక్సీవాడు చెప్పిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు. నోటు మారి, జేబులో చిల్లర గలగలలాడింది.

డ్రైవరమ్మ వచ్చి మా బల్ల దగ్గరే కూర్చుంది. తన పళ్ళెంలోంచి అరటిపండు తీసి సగం మా ఆవిడకి పెట్టింది. ఏడేళ్ళ కూతురుందట. పక్క దీవిలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోందట. టెంపరరీ వాళ్ళకి తెల్లవారుజామున సగం డ్యూటీ, మధ్యాహ్నంనుంచి రాత్రిదాకా సగం డ్యూటీ, పిల్లని చూసుకోవడం కుదరదట. వచ్చే ఒకటో తారీఖుకి ఆమెని పర్మనెంట్ చేస్తారట. ఇక ఒకే డ్యూటీ, సాయంత్రానికి ఇల్లు. పిల్లని తెచ్చేసుకుంటుంది. ఏడేళ్ళలో ఆమెమీద ఒక్క ఫిర్యాదు లేదు. ఈ పన్నెండు రోజులు కూడా గడిస్తే చాలు అని, దండం పెడుతున్నట్టు చేతులు కలిపింది. ఫోన్‌లో పిల్ల ఫొటో చూపించింది. ముందు పళ్ళు రెండూ లేవు.

ఇదంతా నేను విన్నాను. వినలేదని చెప్పే వీలు నాకు లేదు.

తిరుగు బస్సు బజారు జనంతో కిక్కిరిసి ఉంది. మాలాగా వెనక తలుపు దగ్గర ఎక్కినవాళ్ళు మెషీన్ దాకా వెళ్ళలేరు. అందుకని ఆ డబ్బా ముందునుంచి బయల్దేరి చేతులు మారుతూ వచ్చింది. అందరూ తలా ఇంత వేస్తున్నారు. నా చేతికి వచ్చింది. బరువుగా ఉంది. జేబులో చిల్లరుంది. దొంగ డబ్బాలో నేను వెయ్యడమేంటి అనుకుని వెనకాయనకి అందించేశాను. మా ఆవిడ రెండు సీట్ల అవతల ఇంకొకావిడ పక్కన కూర్చుంది, చూడలేదు.

నాలుగు స్టాపులయ్యాక ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో రాతప్యాడు. ఆ నడక, ఆ నిలబడటం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా ఆయన నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. టికెట్.

నా దగ్గర లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఎంతమంది మొహాల్లో చూశానో ఆ చూపు, అది ఇప్పుడు నా మొహంలో ఉంది. బస్సంతా నావైపే చూసింది. డ్రైవరమ్మ అద్దంలోంచి వాళ్ళ భాషలో ఏదో చెప్పి నవ్వింది. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వి, నా భుజం తట్టి, ముందుకి వెళ్ళబోయాడు. అంతే, అయిపోయింది. నోరు మూసుకుంటే చాలు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. పాపం ముసలాడు, వదిలెయ్ అన్నారనిపించింది నాకు. ఒళ్ళు మండిపోయింది. పర్సులోంచి నా పాత గుర్తింపు కార్డు తీసి చూపించాను. నేనూ మీ ఉద్యోగమే చేశాను, టికెట్ లేకుండా ఎక్కే రకం కాదు అన్నాను. ఆయన మొహం విప్పారింది. రెండు చేతులతో షేక్‌హ్యాండిచ్చి, మా సర్వీసు ఎలా ఉంది సార్ అని అడిగాడు. సార్ అనేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

"సర్వీసు బాగుంది. మరి ఆ డబ్బా సంగతేంటి?" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇది మీరు ఫిర్యాదుగా చెప్తున్నారా సార్, మామూలుగా అడుగుతున్నారా?" అన్నాడు, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి. ఆ మాటతో ఆయన నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు, బయటికి వచ్చెయ్యమని. నేను రాలేదు.

"రూలంటే రూలే కదా" అన్నాను.

ఆయన ప్యాడు తీసి నా ఒళ్ళో పెట్టాడు. బస్సు నంబరు, టైము, డ్రైవరు డబ్బు చేత్తో ముట్టుకుంది, టికెట్లు ఇవ్వలేదు. గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో నా రిపోర్టు ఎప్పుడూ కొట్టివేతల్లేకుండా ఉండేది. ఇదీ అలాగే ఉంది.

మా ఆవిడ పక్కనున్నావిడ హోటల్లో గదులు తుడిచే మనిషి. జరిగింది చూసి, మా ఆవిడ చెవిలో గబగబా చెప్పింది. ఆ డబ్బా డ్రైవరుది కాదట, ఆ దారి జనానిదట. చిల్లర లేనివాళ్ళకీ, ముసలివాళ్ళకీ, మెషీన్ దాకా రాలేనివాళ్ళకీ అందులోంచే చార్జీ. చివరి స్టాపులో ఆమె తలలు లెక్కపెట్టి, అన్ని టికెట్లకీ డబ్బాలోంచి మెషీన్‌లో వేస్తుందట. తక్కువైతే తన జేబులోంచి వేస్తుందట. రూలు ప్రకారం తప్పే. అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

మా ఆవిడ లేచి నా దగ్గరికొచ్చింది. "ఏమండీ, మీరు అందులో మనిద్దరికీ వేశారు కదా?"

జేబులో చిల్లరమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు" అంది. గొంతు పెంచలేదు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆమె నన్ను ఎన్నో తిట్టింది. ఏదీ ఇలా తగల్లేదు.

విమానాశ్రయమే చివరి స్టాపు. జనమంతా దిగారు. డ్రైవరమ్మ సీట్లోంచి లేవకుండా డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క నాణెం మెషీన్‌లో వేసింది. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. ఆఖర్న డబ్బాలో చాలలేదు. తన సంచీలోంచి రెండు తీసి వేసింది. వచ్చిన టికెట్లలో రెండు చింపి, మా ఆవిడ చేతిలో పెట్టి, మా గేటు ఎటో వేలుతో చూపించింది. నావైపు చూడలేదు. నేను చిల్లరంతా తీసి చాపితే, చేతులు తువ్వాలుకి తుడుచుకుని స్టీరింగ్ మీద పెట్టుకుంది.

కిందికి దిగి ఇన్‌స్పెక్టర్ వెంట పడ్డాను. పొరపాటైంది, ఆ కాగితం చింపెయ్యండి అన్నాను.

"నంబర్లున్న కాగితాలు సార్, చింపకూడదు. మీకు తెలియనిదేముంది? మీరు పైకి అననంతవరకూ నాకా డబ్బా కనబడదు. ఇన్నేళ్ళూ కనబడలేదు" అన్నాడు. "రేపు పదింటికి ఆఫీసు తెరుస్తారు. వచ్చి వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వండి. లేదా మీ సంతకంతో కాగితం ఎవరి చేతైనా పంపండి. పోస్టులో వస్తే చూడరు, మనిషి రావాలి. ఒకటో తారీఖు లోపల రావాలి."

"ఉండిపోదామండీ. రేపు పదింటికి రాసిచ్చి వెళ్దాం" అంది మా ఆవిడ.

"విమానం టికెట్లు పోతాయే."

"పోనివ్వండి."

"మళ్ళీ కొనాలంటే ఎంతవుతుందో తెలుసా? అక్కడ మీ చెల్లెలు వంట చేసుకుని ఎదురుచూస్తుంటుంది..."

"నా చెల్లెల్ని మధ్యలోకి లాగకండి" అంది.

నేను సంచీ తీసుకుని లోపలికి నడిచాను. కాసేపటికి వెనక ఆమె చెప్పుల చప్పుడు వినబడింది.

మరదలింట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర అదే ముచ్చట. దీవిలో ఎలా తిరిగారు, ఏం తిన్నారు, ఎంతైంది అని అడిగారు. మా ఆవిడ సముద్రం గురించి, మెస్సు గురించి, సగం అరటిపండు గురించి చెప్పి అక్కడ ఆపేసింది. మిగతాది చెప్పలేదు. నన్ను కాపాడిందో, నాకే వదిలేసిందో తెలియదు.

"ఎంతైనా స్క్వాడ్ బావ కదా, పైసా ఊడనివ్వడు" అని మరదలు నవ్వింది.

తోడల్లుడు పళ్ళెంలోంచి తలెత్తాడు. "అన్నయ్యా, వచ్చే బుధవారం ఆఫీసు పనిమీద నేనూ అక్కడే ఒకరోజు ఆగుతున్నాను. ఆ డ్రైవరమ్మకి ఏమైనా పంపిస్తారా? కలిసి ఇచ్చేస్తాను. ఏ బస్సు?"

బుధవారమంటే ఒకటో తారీఖుకి ఇంకా ఆరు రోజులుంది. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక్క కాగితం, ఒక్క సంతకం. కాకపోతే అది ఎందుకన్నది ఈ బల్ల దగ్గర, మరదలి ముందు, తోడల్లుడి ముందు చెప్పాలి. టికెట్ లేకుండా ఎక్కాను, డబ్బాలో వెయ్యలేదు, మా చార్జీ వేసినామెమీదే కేసు రాశాను అని చెప్పాలి.

"నంబరు గుర్తులేదయ్యా" అన్నాను. "మెస్సు మాత్రం బజారు వెనక ఉంటుంది, వెళ్ళు."

మా ఆవిడ నా పళ్ళెంలో కూర వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను బుధవారం వెళ్ళి, గురువారం వచ్చేశాడు. గుమ్మంలో బూట్లు విప్పుతూనే, మీరు చెప్పిన చోటే తిన్నానన్నయ్యా, ఎంత చవకో, మీ పుణ్యమే అన్నాడు.