నాలుగు అభినందనలు

ప్రింటర్‌లో మరిచిపోయిన మూడు కాగితాలు కారిన్ చేతిలో పడ్డాయి. వాటిని పట్టుకునే వంటింట్లోకి వచ్చి తల్లి మార్లిస్‌ని నిలదీసింది.

"పసుపు చేతితొడుగు సంగతి కూడా రాశావా అమ్మా? పేర్లు మార్చావు, సరే. ఈ డులూత్ ఊళ్ళో ఆ తొడుగు ఎవరిదో తెలియనివాళ్ళున్నారా?"

మార్లిస్ కుళాయి కట్టేసింది. ఏడేళ్ళ కిందట, ఇంకా తాగుడు మానని రోజుల్లో, కారిన్ రెండేళ్ళ కూతుర్ని జనవరి చలిలో కారులో వదిలేసి బార్‌లోకి వెళ్ళింది. టెస్సా బతికింది కానీ, పసుపు తొడుగు ఊడిపోయిన ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు చలికి పోయాయి. కౌంటీ పిల్లల సంరక్షణ శాఖ వాళ్ళు పద్నాలుగు నెలలు పిల్లని తల్లికి ఇవ్వలేదు. ఆ పద్నాలుగు నెలలూ పెంచింది మార్లిస్. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు, ఉద్యోగానికి వెళ్ళేముందు రోజూ ఓ గంట కూర్చుని ఆ కథే నవలగా రాసింది.

"అవి నా నెలలు కూడానే," అంది మార్లిస్.

"నీవి నువ్వు రాసుకో. నావి కాదు. టెస్సా ఇప్పుడు చేతికందిందల్లా చదువుతోంది. ఎవరెవరికి పంపావో అందరి దగ్గర్నుంచీ వెనక్కి తీసుకో. లేకపోతే అది మళ్ళీ ఈ గడప తొక్కదు."

పుస్తకం ఆరుగురు ఏజెంట్ల దగ్గరుంది. వాళ్ళలో ఒకరికి నచ్చితేనే అది ప్రచురణకర్తల దాకా వెళ్తుంది. ఎలా వెనక్కి అడగాలో తెలియక మార్లిస్ లైబ్రరీలో కలిసే రచయితల గుంపులో పెద్దావిడ వెర్నాకి ఫోన్ చేసింది.

"నన్నడుగుతావేంటే? ఇరవై ఏళ్ళుగా వాళ్ళే నావి తిప్పికొడుతున్నారు, నేను వెనక్కి తీసుకునే భాగ్యం ఎక్కడిది!" అంది వెర్నా. "ఎవరికి వాళ్ళకి విడిగా రాయి. ఒక్క ముక్క. వెనక్కి తీసుకుంటున్నాను, మీ సమయానికి కృతజ్ఞతలు. అంతే. కారణం చెప్పకు, ఇంటి గోల వాళ్ళకొద్దు."

మార్లిస్ అలాగే ఆరు ఉత్తరాలు పంపింది. ఒక్కొక్కటి పంపినప్పుడల్లా లేచి సింకు దగ్గరికెళ్ళి మంచినీళ్ళు తాగింది.

గురువారానికి నలుగురు జవాబిచ్చారు. నలుగురూ అభినందించారు.

"అవును మరి," అంది వెర్నా ఫోన్‌లో. "వేరే ఏజెంటు తీసుకుంటే తప్ప ఈ లోకంలో ఎవరూ పుస్తకం వెనక్కి తీసుకోరు. వదిలెయ్. ఉత్తరం మీద ఉత్తరం రాసి వాళ్ళ ప్రాణం తియ్యకు."

మార్లిస్ వదిలేసింది.

ఆదివారం మధ్యాహ్నం కారిన్ టెస్సాని తీసుకుని భోజనానికి వచ్చింది. బంగాళాదుంపలు పరిచి కాల్చే హాట్‌డిష్ ఇంకా ఓవెన్‌లోనే ఉంది. కూతురు అడక్కముందే మార్లిస్ కంప్యూటర్ తెరిచింది. "చూడు, ఆరూ పంపేశాను." ఒక్కో ఉత్తరం కిందా దాని జవాబు కూడా కనిపిస్తుందని ఆ క్షణంలో తోచలేదు.

కారిన్ చదువుతూ పోయింది. "'అభినందనలు! మంచి చేతుల్లో పడిందని ఆశిస్తాను.' ఎవరి చేతుల్లో అమ్మా?"

"ఎవరి చేతుల్లోనూ లేదే. వాళ్ళలా అనుకుంటారు."

"నలుగురూనా? నలుగురూ కలిసి ఒకే తప్పు అనుకున్నారా?"

"కారణం రాయలేదుగా, అందుకని..."

"మరి కాదని చెప్పొచ్చుగా?"

"అలా రాయడం మర్యాద కాదట."

కారిన్ నవ్వింది. కూతురి తాగుడు రోజుల్లో మార్లిస్ విన్న నవ్వే అది. "నా పరువు పుస్తకంలో పెట్టేటప్పుడు మర్యాద గుర్తు రాలేదు కానీ! టెస్సా, కోటు వేసుకో."

"నేనింకా తినలేదమ్మా," అంది టెస్సా.

"కారులో తిందువుగాని."

ఆ మాటకి ముగ్గురూ ఒక్కసారి ఆగిపోయారు. తర్వాత తలుపు మూసుకుంది.

సోమవారం కారిన్ ఫోన్ ఎత్తలేదు. మంగళవారమూ ఎత్తలేదు. బుధవారం మార్లిస్ మర్యాద పక్కన పెట్టి, ఇంకా జవాబివ్వని లెనోర్ వాస్ అనే ఏజెంటుకి రాసింది. మొదటి పేజీలు చదివి పుస్తకం మొత్తం పంపమని అడిగింది ఆవిడొక్కతే. 'నా పుస్తకాన్ని ఎవరూ తీసుకోలేదు. కూతురు అడిగిందని వెనక్కి తీసుకున్నాను. అది నమ్మడం లేదు. మీ దగ్గర ఇక లేదని, మీరు తీసుకోలేదని రెండు ముక్కలు రాసిస్తారా?'

గంటలో జవాబు వచ్చింది.

'మీరడిగినట్టే రాస్తున్నాను: పుస్తకం నా దగ్గర లేదు, నేను తీసుకోలేదు. కానీ మీ ఉత్తరం వచ్చిన రోజే చదవడం ముగించాను. మర్నాడు ఫోన్ చేసి తీసుకుంటానని చెప్దామనుకున్నాను. కారు సీటు కింద అమ్మమ్మకి పసుపు తొడుగు దొరికే చోటు, దాన్ని తిరగేస్తే లోపల ఇంకా తడిగా ఉండే చోటు, నన్ను వదలడం లేదు. మీ అమ్మాయి మనసు మారితే రాయండి.'

మార్లిస్ రెండుసార్లు చదివింది. తల్లి మాట నిజమని కారిన్ నమ్మడానికి ఈ ఉత్తరం చాలు. పంపే చోట కూతురి పేరు కూడా టైపు చేసింది. మళ్ళీ ఆ తొడుగు వాక్యం దగ్గర చూపు ఆగింది. తొడుగు లోపల తడి ఉందన్న సంగతి కారిన్‌కి తెలియదు. ఆ ముక్క ప్రింటర్‌లో మిగిలిన మూడు కాగితాల్లో లేదు. మార్లిస్ ఎప్పుడూ చెప్పలేదు.

కూతురి పేరు ఒక్కో అక్షరం చెరిపేసింది. లెనోర్‌కి ఒక్క ముక్క రాసింది: మీ సమయానికి కృతజ్ఞతలు. కారణాలేవీ రాయలేదు.

ఆదివారం, వాళ్ళు వస్తారో రారో తెలియకపోయినా, ముగ్గురికీ కంచాలు పెట్టింది.