ఆమె అవునంది

పత్తి రెండో తీత నడుస్తుండగా సుబ్బరావమ్మకు పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కాలు కాస్త కుదుటపడింది, కుడిచెయ్యి సగం లేచింది. మాట మాత్రం సరిగ్గా తిరిగి రాలేదు. లోపల మాటలన్నీ ఉన్నాయి. నోటిదాకా వచ్చేసరికి ఒకటి అనబోతే ఇంకొకటి దొర్లేది. దుప్పటి అడగబోతే ‘గిన్నె’ అనేది. కోడలిని పిలవబోతే ‘బస్సు’ అనేది. తప్పు పలికానని అందరికంటే ముందు ఆమె చెవికే తెలిసేది.

“ఆవిడకి అన్నీ అర్థమవుతాయి. మాట వెతుక్కోడానికి టైమివ్వండి చాలు,” అని డాక్టరు చెప్పాడు. భర్త త్రికోటయ్య, కొడుకు చైతన్యకృష్ణ, కోడలు లక్ష్మీదుర్గ ముగ్గురూ తలలూపారు.

పర్చూరు దగ్గర తమ ఊరికి వచ్చేసరికి మిరపకోతలు మొదలయ్యాయి. ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. సుబ్బరావమ్మ పెదవి కదిపితే చాలు, లక్ష్మీదుర్గ పరుగెత్తుకొచ్చేది.

“నీళ్లా అత్తయ్యా? ఫ్యానా? బాత్రూమా?”

అడగడమూ చెయ్యడమూ ఒకేసారి జరిగిపోయేవి. కోడలు మంచిదే. కానీ సుబ్బరావమ్మ వెతుక్కుంటున్న మాట కొసను పట్టుకునేలోగా, ఆ గొంతు వచ్చి దాన్ని తెంపేసేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరిచేవాళ్లు. కొందరు ఆమె ముందే, ఆమె లేనట్టు మాట్లాడుకునేవాళ్లు.

ఒక్క మాట మాత్రం పిలవకపోయినా వచ్చేది. ‘అవును.’ వద్దు అనాలన్నా అదే వచ్చేది.

ఒకరోజు త్రికోటయ్య ఫోన్ చూసుకుంటూ అడిగాడు. “ఏమే, గేదెను చూసుకునే ఓపిక దుర్గకి లేదు. నాగూర్ వలి అడుగుతున్నాడు. ఇచ్చేద్దామా?”

సుబ్బరావమ్మ దూడప్పటినుంచి పెంచుకున్న గేదె అది.

“అవును,” అంది. తల అడ్డంగా ఊపింది. ఆయన తలెత్తలేదు. “అవును! అవునవును!”

“సరేనే, ఒకసారి చెప్పావుగా. అరుస్తావెందుకు?”

మర్నాడు ట్రాలీ ఆటో వచ్చింది. సుబ్బరావమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ఎడమచేత్తో పలుపుతాడు పట్టుకుంది. అవును, అవును అంటూనే ఉంది. నాగూర్ వలి మెత్తనివాడు. “బెంగపడబాక వదినా, నా ఇంటి బిడ్డలాగా చూసుకుంటా,” అన్నాడు. చైతన్య ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

“ఈ జబ్బులో ఏడుపు ఊరికే వస్తుందంట నాన్నా,” అన్నాడు, కళ్లు తుడుస్తూ. అవి ఆమె కళ్లే. అయినా ఆ మాట వాళ్ల నాన్నకు చెప్పాడు.

ఆ తర్వాత ఆమె నోరు విప్పడం మానేసింది. నోరు తెరిస్తే అవుననేస్తుందని భయం.

చీరాల నుంచి కూతురు శ్రీరమ్య ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టారు. “అమ్మా, ఆదివారం కారు తీసుకొస్తాను. ఇక నా దగ్గరే ఉందువుగాని. వస్తావా?”

సుబ్బరావమ్మ పెదవులు బిగబట్టుకుంది.

“ఏమనటంలేదు. ఇష్టమే అన్నట్టు,” అన్నాడు త్రికోటయ్య.

మాట్లాడినా ఒప్పుకున్నట్టే, మాట్లాడకపోయినా ఒప్పుకున్నట్టే. సుబ్బరావమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. బయట గడియపెట్టిన గదిలోంచి తలుపు బాదుతుంటే, అవతలివాళ్లు అది పండగ డప్పనుకుని వెళ్లిపోతున్నట్టుంది ఆమెకు.

శుక్రవారం కొడుకూ కోడలూ పెళ్లికి వెళ్లారు. భార్యను ఇంట్లో ఒంటరిగా వదల్లేక త్రికోటయ్య ఆటోలో కళ్లానికి తీసుకెళ్లాడు. ఎర్రగా పరిచిన కాయల అవతల రేకుల షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. కూలీలు కాయలు కుప్పచేసి పట్టాలు కప్పి, రోడ్డు పక్క గోడౌనులోకి పరుగెత్తారు. త్రికోటయ్య తడిసిన బట్టలతో షెడ్డులోకి వచ్చిపడ్డాడు.

వాన రేకుల మీద రాళ్లు కురిసినట్టు కురుస్తోంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కదలడానికి లేదు, చేసే పని లేదు. ఎదురుగా భార్య. చాలా రోజుల తర్వాత ఆమె పెదవులు కదిలాయి.

“చలా?” అని అరిచాడు.

“అవును.”

తువ్వాలు కప్పాడు. ఆమె తీసి కింద పడేసింది.

“నీళ్లు కావాలా?”

“అవును.”

సీసా అందించాడు. ఆమె చేత్తో తోసేసింది. నీళ్లు ఒలికిపోయాయి.

“అవునంటావు, తోసేస్తావు! అసలు నీకేం కావాలే?” విసుగ్గా అరిచాడు. ఆమె జవాబు వాన హోరులో కలిసిపోయింది. వినబడక కుర్చీ దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని ఆమె ముఖంలోకి చూశాడు. జబ్బు చేశాక అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నోరు అవునంటోంది. కళ్లు కాదంటున్నాయి. తల అడ్డంగా ఊగుతోంది. అది వణుకని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

ఆయన గొంతు తగ్గిపోయింది. “గేదెనమ్మమన్నావా నువ్వు?”

“అవును,” అంది. కన్నీళ్లు జారుతున్నాయి. తల అడ్డంగా, అడ్డంగా, గట్టిగా.

త్రికోటయ్య ఏదో అనబోయి ఆగాడు. ఇంకో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. మోకాళ్లు నొప్పి పుడుతున్నా లేవలేదు. ఆమె ఎడమచెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

సుబ్బరావమ్మ వెతుక్కుంది. ఒక మాట వచ్చింది, అది కాదు. ఇంకొకటి వచ్చింది, అదీ కాదు. ఎప్పట్లా ఎవరో అడ్డొస్తారని చూసింది. ఎవరూ రాలేదు. ఎదురుగా ఉన్న ముఖం అలాగే ఉంది.

“భ...” అంది. ఊపిరి తీసుకుంది. “భయం.”

ఏం కాదులే, నేనున్నాగా అనబోయాడు. ఎన్నేళ్లుగానో ఆమె ఏం చెప్పినా ఆయన ఇచ్చే జవాబు అదే. ఈసారి అనలేదు.

“భయమేస్తోందా?” అని మాత్రం అడిగాడు.

ఆమె ఆయన చెయ్యి గట్టిగా నొక్కింది. నోరు అబద్ధమాడుతుందేమో గానీ చెయ్యి ఆడదని అప్పుడర్థమైంది ఆయనకు.

మర్నాడు నాగూర్ వలి దగ్గరికి వెళ్లాడు. వాళ్లావిడకు ఒంట్లో బాగాలేక ఆయన గేదెను చీమకుర్తి అవతల ఎవరికో అమ్మేశాడు. అక్కడికీ వెళ్లాడు, గేదె దొరకలేదు. త్రికోటయ్య సాయంత్రం వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. సుబ్బరావమ్మ ఆ పూట అన్నం తినలేదు. తినమని ఆయనా బలవంతం చెయ్యలేదు.

ఆదివారం శ్రీరమ్య కారులో దిగింది. దిగుతూనే చీరలు సర్దడం మొదలుపెట్టింది.

“ఆగమ్మాయ్. ముందు మీ అమ్మనడుగుదాం,” అన్నాడు త్రికోటయ్య. భార్య ఎడమచేతిలో చెయ్యి పెట్టాడు. “చీరాల వెళ్లాలనుంటే గట్టిగా పట్టుకో. వద్దంటే వదిలెయ్.”

“అవును,” అంది సుబ్బరావమ్మ. చెయ్యి వదిలేసింది.

“చూశావా, అవునంది!” అన్నాడు చైతన్య.

“చేతిని చూడరా.”

శ్రీరమ్య ముఖం చిన్నబోయింది. తల్లి పక్కన మంచం మీద కూలబడింది. “ఎందుకమ్మా? నా ఇల్లు నీ ఇల్లు కాదా? వదిన ఏమన్నా అనుకుంటుందనా? లేకపోతే మా ఆయన...”

“నువ్వే చెప్పేస్తే అదేం చెబుద్ది? అడిగావుగా, ఆగు,” అన్నాడు తండ్రి.

ఆగడం ఎవరికీ అలవాటు లేదు. లక్ష్మీదుర్గ రెండుసార్లు ఏదో మాట అందించబోయి పైట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చైతన్య ఫోన్ తీసి, తండ్రి చూపు చూసి జేబులో పెట్టేశాడు. కారు డ్రైవరు గుమ్మంలోకి వచ్చి, ఇంటిల్లిపాదీ అలా నిలబడి ఉండటం చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

సుబ్బరావమ్మ వంటింటివైపు చూపించింది. చిలక్కొయ్య చూపించింది. దేవుడి గూడు, తన మందుల డబ్బా, పెరటి తలుపు చూపించింది. ఎవరినీ అడిగే పనిలేకుండా, కళ్లు మూసుకున్నా చెయ్యి వెళ్లే చోట్లన్నీ చూపించింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

“అక్కడ,” అంది. చాలాసేపు పట్టింది తర్వాతి మాటకు. “అన్నీ... అడగాలి.”

శ్రీరమ్య సర్దిన చీరలు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి లేచి, వాటిని బీరువాలో ఎక్కడివక్కడ పెట్టడానికి వెళ్లింది. ఏ అరలో ఏది పెట్టాలో తెలియక ఆగి, తల్లి వైపు చూసింది.