అయ్యగారు వద్దన్న బియ్యం

భూమన్నకు బుర్ర పనిచేయడం మానేసింది. తప్పు చేసి చీవాట్లు తింటే అదొక దారి. మంచి చేసి, అదీ వాక్యం చూసుకుని మరీ చేసి, ఎవరూ పల్లెత్తు మాట అనకుండానే మందిరం ఖాళీ అయిపోతే ఎవరి దగ్గరికి పోయి మొత్తుకోవాలి? ఆ ఆదివారం కూడా పెందలాడే లేచి చాపలు పరిచాడు, డోలక్ మీది దుమ్ము దులిపాడు, గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు. వచ్చింది ఎవరయ్యా అంటే సంఘపెద్ద రాయమల్లు, ఆయన భార్య, చెవులు వినపడని ఒక ముసలాయన. పాట ఎత్తుకుంటే అందుకునే గొంతే లేదు. భూమన్న భార్య రోజారాణి ఒక్కతే పాపం చివరిదాకా లాక్కొచ్చింది.

మంథనికి ఇవతల, గోదావరి పక్క పొలాల నడుమ ఉన్న ఊరది. మందిరం ఊరికి ఎడంగా, దళితవాడలో ఉంది. ఎక్కడో కోస్తా నుంచి వచ్చిన పెద్దయ్యగారు ఆ సంఘాన్ని మొదలుపెట్టి, జీవితమంతా అక్కడే గడిపి, అక్కడే కన్నుమూశాడు. ఆయన కులమేమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన తర్వాత సభవాళ్లు ఆదిలాబాదు దిక్కు నుంచి భూమన్నను పాస్టరుగా పంపించారు. ఇతని కులం మాత్రం వచ్చిన రోజే అందరికీ తెలిసిపోయింది. కాపుల బిడ్డ, తండ్రి కాలంలోనే ప్రభువును నమ్ముకున్న ఇల్లు. కాపుల పిల్లగాడు పెళ్లాంతో సహా వచ్చి వాడలో కాపురం పెట్టాడంటే ఊరు ఊరంతా విడ్డూరంగా చూసింది. ఆ చూపు భూమన్నకు లోలోపల కాస్త తియ్యగానే ఉండేది. ఉండదా మరి, అతనూ మనిషే.

ఇక అసలు సంగతి, బియ్యం సంగతి. ఆ వాడలో ఏ ఆడమనిషైనా పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచిందంటే, కడగబోయే ముందు అందులోంచి పిడికెడు తీసి పక్కన ముంతలో వేస్తుంది. పూటపూటకీ అంతే. ఇంట్లో నూకలే ఉంటే నూకలే తీస్తుంది. ఆదివారం ఆ బియ్యం చిన్న సంచిలో పోసుకొచ్చి ప్రసంగబల్ల ముందున్న గంపలో కుమ్మరిస్తుంది. ఆరాధన అయ్యాక గంప అయ్యగారింటికి చేరుతుంది. కంట్రోలు బియ్యం, మిల్లు బియ్యం, పాతవి, కొత్తవి అన్నీ కలిసిపోయిన బియ్యమది. ఎంత నేర్పుగా వండినా ఒక మెతుకు జావ, ఒక మెతుకు పలుకు. "గీ అన్నంల వాడంత ఉన్నది, మంచిగ నములు," అని రోజారాణి మొగుణ్ణి ఆటపట్టించేది.

వానలు పడబోయే ముందు కరీంనగర్‌లో పాస్టర్లకు నాయకత్వ తరగతులు పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన బోధకుడు మంచి మాటకారి. పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు గానీ ఎవరి మీదా భారం వేయలేదన్నాడు. కాపరి మందను మేపేవాడు కావాలి గానీ మందను మేసేవాడు కాకూడదన్నాడు. ఆ మాటకు భూమన్నకు ఒళ్ళు జలదరించింది. వాడలో అందరికన్నా ముందు నమ్ముకున్న బాలవ్వ, ఎండిపోయిన చేతులతో సంచి మూతి విప్పడం కళ్లకు కట్టింది. ఆ వయసులో నాట్లకు పోయి తెచ్చుకున్న గింజల్లోంచి తనకు పిడికెడు తీయడమా? సిగ్గుతో సగం చచ్చి బస్సెక్కాడు. పెద్దపల్లి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది.

మరుసటి ఆదివారం ప్రసంగం చివర నిలబడి చెప్పేశాడు. "ఇయ్యాల్టి సంది ఎవ్వలు బియ్యం తేవద్దు. నేను ఆటో నడుపుకుంట బతుకుత. మీకు నేను భారం కావద్దు."

ఎవరో ఒకరు ఆమేన్ అంటారనుకున్నాడు. అనలేదు. ముందు చాప మీద కూర్చున్న బాలవ్వ అప్పటికే సంచి మూతి విప్పి ఒళ్లో పెట్టుకుని ఉంది. నెమ్మదిగా దాన్ని మళ్ళీ ముడివేసుకుంది. మనసు నిండి మాట రాలేదనుకున్నాడు వెర్రిబాగులోడు.

పాత ఆటో ఒకటి కొని ఊరికీ మంథనికీ మధ్య తిప్పడం మొదలుపెట్టాడు. ఊళ్ళో అందరూ ఎక్కుతారు, వాడవాళ్లు తప్ప. "వందనాలు అయ్యగారు" అంటారు, మర్యాదకేం లోటు లేదు. అని, మొహం అటు తిప్పుకుని బస్సు కోసం నిలబడతారు. ఎండలో నిలబడతారు, వానలో నిలబడతారు. ఆటో ఆపి రమ్మంటే "మీరు పోన్రి" అంటారు. ఆదివారం ఆదివారానికి చాపల మీద జాగా పెరుగుతూ పోయింది.

పాస్టరు ఆటో తోలడం నామోషీ అనుకున్నారా? ప్రసంగంలో ఎవరినైనా నొప్పించాడా? తెలియక హైదరాబాదు బోధకుడికి ఫోన్ చేశాడు. "ఇది శోధన బ్రదర్. మంచి నాయకుడికి ముందు దొరికేది ఒంటరితనమే. నిలబడండి," అన్నాడాయన. నిలబడడానికేం, నిలబడేవాడే, ఎదురుగా వినడానికి మనుషులుంటే. పోనీ వాక్యం తిరగేద్దామా అంటే తికమక ఇంకా ముదిరింది. డేరాలు కుట్టిన పౌలే ఇంకో ఊరి సంఘం పంపింది పుచ్చుకున్నాడు. ఏలీయా అయితే కరువులో విధవరాలి చివరి పిండితో ముందు తనకు రొట్టె చేయమని అడిగి మరీ తిన్నాడు. ప్రభువు శిష్యులతో ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లో పెట్టింది తినమన్నాడు. ఒకచోట వద్దనడమేమిటి, ఇంకోచోట అడిగి తినడమేమిటి? ఏది ఎప్పుడో తరగతుల్లో ఎవరూ చెప్పలేదు.

ముగ్గురే వచ్చిన ఆ ఆదివారం ఆరాధన అయ్యాక రాయమల్లును పట్టుకున్నాడు. "ఏమైంది పెద్దమనిషీ? ఎందుకు వస్తలేరు?"

"నాట్లు పడ్డయి గద అయ్యగారు," అన్నాడు రాయమల్లు చూపు తప్పించి.

"మనోళ్లు ఆదివారం ఎన్నడన్న నాటుకు పోయిన్రా?"

రాయమల్లు మెడ రుద్దుకున్నాడు. "పరేషాన్ కాకున్రి గని... కోతలైనంక సభోళ్లను వేరే అయ్యగారిని అడుగుదామంటున్నరు. బాలవ్వ మాటే మాటంటున్నరు. నేనొక్కన్ని ఏం జేత్త?"

పంపించేస్తారు, సరే. ఎందుకు పంపిస్తున్నారో తెలియకుండా ఏ మొహం పెట్టుకుని ఇంకో సంఘానికి పోయేది? అక్కడ మాత్రం ఏం చెప్పేది?

ఇంటికొచ్చి గుడ్డ తీసుకుని ఆటో తుడవసాగాడు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తుంటే రోజారాణి వచ్చి పక్కన నిలబడింది.

"నల్లా కాడ నీళ్లు పడుతుంటె పక్కింటి వినోద ఒక మాటన్నది. నీకు చెప్పాల్నా వద్దా అని చూస్తున్న."

"చెప్పు."

"కాపాయినె గద, రెండేండ్లు ఎట్లనో మింగిండు, ఇగ మింగలేక వాక్యం అడ్డం పెట్టుకున్నడు అన్నది. పెద్దయ్యగారు ఒక్కనాడు గూడ ఎనకాముందు చూడకుంట తిన్నడట."

భూమన్నకు చర్రున కోపం వచ్చింది. "నాకు కులమా? వాడల కాపురమున్నోన్ని. ఏ ఇంటికి పోలే నేను? ఏ ఇంట్ల ప్రార్థన చెయ్యలే?"

"చేసినవు. తిన్నవా?"

"చాయ తాగిన."

"చాయ హోటల్ల గూడ తాగుతరు. అన్నం తిన్నవా అని అడుగుతున్న."

భూమన్న బారసాలలకు పోయాడు, దినాలకు పోయాడు, జ్వరాలొస్తే పోయాడు. కంచం తేబోయిన ప్రతిచోటా ఒకటే మాట, "ఇప్పుడే తినచ్చిన." లేనివాళ్ల ఇంట్లో ఉన్నది కాస్తా తను తినేస్తే ఎలా, అందుకే అన్నాడు. అందుకేనా? రాయమల్లు కూతురి పెళ్లిలో ఉపవాస ప్రార్థన అన్నాడు. ఆ రోజు నిజంగా ఉపవాసమే. కానీ పెళ్లి రోజే ఉపవాసం ఎందుకు పెట్టుకున్నట్టు? మర్యాద అనుకున్నది మర్యాదేనా, చిన్నప్పుడు నాయనమ్మ నూరిపోసినదేదో ఇంకా లోపల కూర్చుని ఉందా? ఎంత తవ్వినా అతనికి ఏదీ చేతికి దొరకలేదు. వాళ్ల ఇళ్ల నుంచి తను పుచ్చుకున్నది ఆ పిడికెడు బియ్యమొక్కటే, దాన్నీ మందిరంలో నిలబడి అందరిముందూ వద్దన్నాడు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు చివరికి.

"నేనా? కల్పుకొని తిన్న, కట్టుకొని గూడ తెచ్చుకున్న. నీకు చెప్పి తినాల్నా?" అంది రోజారాణి.

మర్నాడు మధ్యాహ్నం భూమన్న బాలవ్వ ఇంటికి పోయాడు. ఆమె అప్పుడే పొలం నుంచి వచ్చి, కాళ్లకంటిన బురద కడుక్కుంటోంది. "వందనాలు అయ్యగారు," అని ప్లాస్టిక్ కుర్చీ లాగింది. భూమన్న కుర్చీ పక్కకు జరిపి అరుగు మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఆకలైతుంది. ఇంత అన్నం పెడతవా?"

"మీరు తినే వస్తరు గద అయ్యగారు, ఎప్పుడొచ్చినా."

భూమన్న చూపు పక్కకు తిప్పుకున్నాడు. తలుపు సందులోంచి లోపల ముంత కనిపించింది, అంచుదాకా నిండిపోయి. దాని పక్కన ఒక గిన్నెలో కూడా బియ్యం పోసి ఉంది. అతని చూపు ఎటు పోయిందో ఆమె కనిపెట్టింది.

"చెయ్యి ఆగుతలేదు," అంది. "ఎసరు పెట్టంగనే అదే తీస్తది. ఎవ్వలకియ్యాల్నో తెల్వది. పురుగు పడుతున్నది."

"నేను మీకు భారం కావద్దనుకున్ననవ్వా."

"భారమని నేను జెప్పిన్నా?" బాలవ్వ గొంతు పెంచలేదు. "నా చిన్నతనంల పటేలు పొలంల దూప అయితె నీళ్లు మీదికెళ్లి దోసిట్ల పోసేటోళ్లు. మేం ముట్టుకున్న కూడు పారబోసేటోళ్లు. గని మేం కోసిన వడ్లు వద్దన్నోడు ఒక్కడు లేకుండె. దొరలు గూడ వద్దనలే. నువ్వు మా చేతి బియ్యమే వద్దన్నవు, గది గూడ దేవుని పేరు మీద."

వాడంతా ఆటో ఎక్కకుండా ఎండలో ఎందుకు నిలబడిందో భూమన్నకు ఇప్పుడు తెలిసింది.

బాలవ్వ లోపలికి పోయింది. చాలాసేపటికి కంచంలో అన్నం, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం పెట్టుకుని వచ్చింది. భూమన్న చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపాడు. ముద్ద ఎత్తాడు.

చెయ్యి ఆగిపోయింది.

కంచానికీ నోటికీ మధ్య, ముద్దతో సహా, దానంతటదే ఆగిపోయింది. ప్రార్థన చేయకుండా తినే అలవాటు లేదు కదా, అందుకేనేమో. కాదేమో. భూమన్నకు భయం వేసింది. తలెత్తితే బాలవ్వ అతని మొహం చూడటం లేదు, చేతినే చూస్తోంది.

"ప్రార్థనకు ఆగినవా, రోత పుట్టి ఆగినవా?"

ప్రార్థనకే అనేస్తే అయిపోయేది. కళ్లు మూసుకుని నాలుగు మాటలు అంటే ఆమె కూడా తల వంచేది.

"తెల్వదవ్వా," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజంగనే తెల్వది."

బాలవ్వ దగ్గరికి జరిగి కంచంలో ఇంకొంచెం పచ్చిపులుసు పోసింది. "పెద్దయ్యగారు గూడ గిట్లనే ఆగిండు మొదటి పూట," అంది మెల్లగా. "గీ అరుగు మీదనే. ఎంతసేపు ఆగిండో. ఆగి, తిన్నడు. నేను జూసిన్నని ఆయినె సచ్చేదాక ఆయినెకు గూడ చెప్పలే. వాడల ఎవ్వలకు తెల్వది."

ఆమె పైట చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "నీది గూడ చెప్ప. ఆదివారం వస్తం. తిను బిడ్డా."

భూమన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బాలవ్వ అతను నమిలి మింగేదాకా చూసింది. అప్పుడు లేచి లోపలికి పోయి, తన కంచం తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది.