నల్ల లోయలో ఎన్ని తోకలు

"నల్ల లోయలో తోకలవాళ్ళు ఇరవైకి తక్కువ లేరు. ఎల్లుండి పొద్దున్నే గుడారాలెత్తేద్దాం" అన్నాడు గొంబో, ఉప్పు టీ గిన్నె కింద పెట్టి.

ఆ నాలుగు గుడారాల్లో తోడేలు పేరు ఎవరూ నోటితో పలకరు. పలికితే పిలిచినట్టే.

యాంజ్మాకి ఒళ్ళు మండింది. ఇంకో నెల ఇక్కడి గడ్డి మేస్తేనే గొర్రెలకు కొవ్వు పడుతుంది. ఇప్పుడే కదిలితే చలికాలం దాటేసరికి సగం మంద మిగలదు. మొగుడు పోయాక ఆ మందే ఆమె బతుకు.

"ఇరవై ఎక్కడివి తమ్ముడూ? నా లెక్కకి మూడు పెద్దవి, కాసిని పిల్లలు. మన కుక్కలు చాలవూ?"

"నేను చెవులారా విన్నానక్కా. నీకీమధ్య చెవులు కాస్త..."

"నా చెవుల మాటకేం గానీ, ముందు నీ దగ్గు సంగతి చూసుకో."

అందరూ నవ్వారు. నవ్వితే ఏం లాభం, వలస విషయంలో గొంబో మాటే మాట.

యాంజ్మా తండ్రి వేటగాడు. ఊళ వేసి, జవాబు విని, గుంపును లెక్కపెట్టడం కూతురికి నేర్పాడు. "ఒకటి ఎత్తుకున్న గొంతు రెండోది ఎత్తుకోదమ్మా. తప్పుకుని వేరే గొంతు అందుకుంటుంది. అందుకే రెండు అరిస్తే పదిలా వినిపిస్తాయి" అనేవాడు. ఈ వయసులో కొండెక్కి ఊళలేమిటని నవ్వుతారని, ఆమె రోజూ పేడ ఏరే నెపంతో బుట్ట తగిలించుకుని వెళ్ళేది.

మర్నాడు పొద్దు వాలుతుండగా మళ్ళీ వెళ్ళింది. రాతి మీద నిలబడి గొంతెత్తింది. ఎదుటి లోయలోంచి ఒక పెద్ద గొంతు పలికింది. దాన్ని తప్పించుకుని ఇంకోటి. వెంటనే పిల్లల కీచుగొంతులు, పెద్దవాళ్ళలా సాగదియ్యబోయి మధ్యలో విరిగిపోతూ. యాంజ్మాకి ముద్దొచ్చింది.

అవి ఆగాక, కుడివైపు గుట్ట మీంచి మూడోది అందుకుంది. పాపం, దీనిదెప్పుడూ ఆలస్యమే. లోయలోవి దీనికి ఒక్కనాడూ బదులివ్వలేదు. గుంపు వెలివేసిందేమోనని జాలిపడి, రోజూ తనే బదులిచ్చేది. ఇవాళా ఇచ్చింది. అది సంబరంగా మళ్ళీ గొంతెత్తింది.

ఎత్తి, మూడుసార్లు దగ్గి, ఉమ్మేసింది.

యాంజ్మా ఆ గుట్టెక్కి, పైనున్న బండ చుట్టూ తిరిగి వెళ్ళింది. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని గొంబో నిలబడి ఉన్నాడు. తప్పిపోయిన గుర్రం కోసమని రోజూ బయల్దేరే గొంబో.

"గుర్రం దొరికిందా తమ్ముడూ?"

అతను ఉలిక్కిపడి, ఆమె ఖాళీ బుట్ట వంక చూశాడు. "నీకు పేడ దొరికిందా అక్కా?"

అంటూనే గొంబో ఆమె వచ్చిన వైపు తిరిగి చూశాడు.

"అంటే, రోజూ అటునుంచి అరిచే ఆ ముసలిది..."

"ముసలిదని నీకెలా తెలిసింది?"

"పళ్ళ సందుల్లోంచి గాలి పోతుంటేను. ఆ వయసులో అంత ధైర్యంగా అరుస్తోందంటే వెనక పెద్ద గుంపే ఉంటుందనుకున్నా. దాని వెనక పదిహేను లెక్కేశాను."

యాంజ్మా పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "మరి పొద్దున అందరికీ ఏం చెబుతావ్?" అంది.

"తోకలవాళ్ళు వేరే లోయకి పోయారంటాను."

"ఉన్నదున్నట్టు చెప్పు. లేకపోతే వచ్చే ఏడు మళ్ళీ ఇరవై అంటావు."

తెల్లారింది. కొందరు అప్పుడే గుడారాల తాళ్ళు విప్పుతున్నారు. గొంబో వాళ్ళ ముందు నిలబడి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తాళ్ళు మళ్ళీ కట్టెయ్యండి. ఇంకో నెల ఇక్కడే" అన్నాడు. "లోయలో తోకలున్న పెద్దవి రెండే. పిల్లలు నాలుగో అయిదో."

యాంజ్మా దగ్గింది.

"తోకల్లేనివి ఇంకో రెండు" అన్నాడు గొంబో.