చేతికి సరిపోయేది

ఆడవాళ్ళ గురి పోటీల్లో చేరతానని ఓపల్ అనగానే, మొగుడు వెర్లిన్ ఆమెను తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళి, గుప్పిట్లో ఇమిడిపోయే బుల్లి పిస్టల్ ఒకటి చూపించాడు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని ఆ ఊళ్ళో మగాళ్ళంతా పెళ్ళాలకు ఎంచేది అదే.

"ఆడవాళ్ళ చేతికి సరిగ్గా సరిపోతుంది," అన్నాడు.

దుకాణం నడిపే నెల్డా దాని పక్కనే పొడుగు గొట్టం ఉన్న బరువైన పిస్టల్ పెట్టింది. రెండూ తెరిచి, లోపల తూటా లేదని చూపించింది. "వెనక షెడ్డులో రెండూ పేల్చి చూసుకో ఓపల్, తొందరేముంది."

"అంత బరువు మా ఆవిడ మొయ్యలేదు," అన్నాడు వెర్లిన్.

ఇంట్లో మేత బస్తాలు ఎవరు మోస్తున్నారనుకుంటున్నాడో, అనుకుంది ఓపల్.

షెడ్డులో ఓపల్ పేల్చగానే బుల్లిది గాడిదలా తన్నింది. అరచెయ్యి మండిపోయింది, గుండు ఎటు పోయిందో తెలియలేదు. బరువైనది మాత్రం చేతిలో కుదురుగా నిలబడింది. గురి కాగితం మీద చిల్లులన్నీ నడిమధ్యనే పడ్డాయి.

"నీకు అలవాటు లేక అలా తన్నింది. అదేం పెద్ద విషయం కాదు," అన్నాడు వెర్లిన్.

"అయితే నువ్వు కాల్చి చూపించు."

వెర్లిన్ బుల్లిదానితో మూడుసార్లు కాల్చాడు. కాగితం చెక్కుచెదరలేదు. పిస్టల్ బల్ల మీద పెట్టి, ఎవరూ చూడట్లేదనుకుని అరచెయ్యి ప్యాంటుకు రుద్దుకున్నాడు.

"నెల్డా, నాకు ఈ బరువైనది ఇవ్వు," అంది ఓపల్. "ఆ బుల్లిది ఈయనకివ్వు. చేతికి సరిగ్గా సరిపోతుందట."