గవ్వల దిబ్బ లంగరు

నేను ఒక లంగరుని. నాలుగు కొక్కేలు, ఓ మెడ, మెడకో తాడు. అంతే నా సంసారం. పాత లారీ ఇరుసుని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు కమ్మరి. దగ్గరుండి చేయించుకున్నది పోలిరాజు. గోదావరి సముద్రంలో కలిసేచోట అతనికో చేపల పడవ ఉండేది. "మా ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే" అనేవాడు నన్ను చూపించి. పాపం, నిజమే. భార్య నూకరత్నం ముందు ఆ మనిషికి నోరు లేచేది కాదు.

అతను పోయాక పడవా నేనూ నూకరత్నం చేతికొచ్చాం. ఆవిడ పడవేసుకుని వస్తోందంటే ఏట్లో మగాళ్లు పక్కకి తప్పుకునేవారు.

మోకాళ్ల నొప్పులొచ్చి పడవ అమ్మేస్తానంది. కూతురు భూలక్ష్మి అడ్డం పడింది. "అమ్మొద్దమ్మా. గవ్వల దిబ్బ మీద టెంట్లేసి, టౌను జనాన్ని తీసుకెళ్లి ఉంచుతాం. నేనూ ఆయనా చూసుకుంటాం."

గవ్వల దిబ్బంటే ఏటి మధ్య లంక. పడవ తప్ప దారి లేదు. ఇక భూలక్ష్మి మొగుడు సూరిబాబంటారా, మెట్ట ఊళ్లో షామియానాలు కట్టుకునేవాడు. మోకాలి లోతు మించి నీళ్లెరగడు.

"అయితే మొదట నన్నే తీసుకెళ్లండి. బాగా చూసుకున్నారా, పడవ మీది. లేదా, అమ్మేస్తా" అంది నూకరత్నం.

అత్తగారికి మర్యాదంటే మాటలా! దిబ్బకి దిండు తెచ్చాడు, విసనకర్ర తెచ్చాడు, ఆఖరికి కుర్చీ కూడా మోసుకొచ్చాడు సూరిబాబు. ఆవిడ అందులో కూర్చుని, కూతురు వండిన చింతచిగురు రొయ్యలు తిని, "ఉప్పు చాల్లేదు" అంది. మళ్లీ వడ్డించుకుంది కూడాను! తిని కునుకు తీసింది. భూలక్ష్మి గిన్నెలు తోముకుంటోంది.

అంతలో గాలి లేచింది. ఇసకలో మేకులు నిలవక టెంటు ఎగిరెగిరి పడుతోంది. షామియానా వాళ్లకి ఒకటే అలవాటు, గుడ్డ లేచిపోతుంటే చేతికందిన బరువు తెచ్చి తాడుకి కట్టేయడం. సూరిబాబు చుట్టూ చూశాడు. అప్పుడు పాటు, నీరు వెనక్కి తీసేసింది. పడవ బురదలో కూర్చునుంది. దాని పక్కన నేను పనీపాటా లేకుండా పడున్నట్టు కనిపించాను కాబోలు, నన్ను విప్పి, మోసుకెళ్లి టెంటుకి కట్టేశాడు. ఓరి నాయనా, పడవ సంగతేంటయ్యా అని మొత్తుకున్నాను. ఇనుము గోడు ఎవరికి పడుతుంది? అయినా నిజం చెప్పొద్దూ, ఆ టెంటుని అంగుళం కదలనిస్తే ఒట్టు!

సాయంత్రానికి పోటొచ్చింది. నీరు బురదని కప్పేసి పడవని మెల్లగా పైకి లేపింది. అదేమో షికారు బయల్దేరింది.

"అమ్మో, పడవ!" అని భూలక్ష్మి చీర బిగించి నీళ్లలో దూకింది. అప్పటికిగానీ సూరిబాబుకి తను చేసిన పని తెలిసిరాలేదు. నన్ను పీకి భుజాన వేసుకుని ఏట్లోకి పరిగెత్తాడు. ఈత రాని మనిషి, పైగా లంగరుతో! నడుం మునిగింది. మెడ మునిగింది.

"అల్లుడుగారూ, దాన్ని వదిలెయ్యండి!" గట్టు మీంచి నూకరత్నం కేక.

"మావయ్యగారిదండీ! పోతే ఎలాగండీ!" నీళ్లు మింగుతూనే అంటున్నాడు.

"ఆ మనిషే పోయాడు, ఇనుము పోతే ఏంటంట! మా పిల్లకి మీరు కావాలి. వదలండి బాబూ!"

వదిలాడు. నేను బురదలో కూరుకుపోయాను. పైన ఏమైందో తెలీదు. కుర్రాడు బతికాడా, పడవ దొరికిందా? భయమేసింది. లంగరుకి భయమేంటని నవ్వకండి, వేసింది మరి.

తెల్లవారి నీరు తీశాక ముగ్గురూ బురదలో నడుచుకుంటూ వచ్చారు. వాళ్ల వెనక ఒడ్డున పడవ, భూలక్ష్మి ఈదుకెళ్లి పట్టి తెచ్చినట్టుంది. సూరిబాబు చొక్కా కాలరు చిరిగి వేలాడుతోంది. అత్తగారు ఏ రకంగా ఒడ్డుకి లాగిందో దాన్ని చూస్తేనే తెలిసిపోయింది. నా ప్రాణం కుదుటపడింది.

అతను నన్ను ఎత్తబోయాడు.

"ఉంచండి" అంది నూకరత్నం. కొత్త తాడొకటి తెచ్చి, ఒక కొస నా మెడకీ, రెండోది ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకీ కట్టింది. పోటొస్తే డబ్బా పైన తేలుతుంది, చోటు తెలుస్తుంది. "ఇదిక్కడే ఉంటుంది. జనాన్ని తెచ్చినప్పుడల్లా దీనికే కట్టుకోండి మీ పడవ."

సూరిబాబు ముఖం తుడుచుకున్నాడు. బురదో, కన్నీళ్లో. వాళ్లిద్దరూ పడవ దగ్గరికెళ్లాక నూకరత్నం వంగి నా మెడ మీద చెయ్యేసింది.

"పిల్లల్ని చూసుకో" అంది.

ఇన్నేళ్లలో ఆవిడ నాతో మాట్లాడిన మాట అదొక్కటే. చూసుకోనా మరి!