కాగితం నిండా ప్రశ్నార్థకాలు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ కంప్యూటరమ్మ అనేవాళ్ళు. పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. ప్రింటర్ మొరాయించినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా, తెర మీద బాణం కదలకపోయినా పిలుపు ఆమెకే వచ్చేది. "మా కంప్యూటర్‌కి జలుబు చేసింది, ఓసారి వచ్చి నాడి చూడమ్మా" అని డాక్టర్లు హాస్యమాడేవాళ్ళు. ఆమె మెట్ల కింద గదిలోంచి, వాలు కప్పుకి తల తగలకుండా వంగి, బయటికొచ్చి వెళ్ళేది.

చేసిన పనులన్నిటిలోనూ ఆమెకి లోలోపల గర్వంగా ఉన్నది ఒక్కటే. అంటురోగాల వార్డులోకి బయటివాళ్ళని రానివ్వరు. ఫోన్లు కూడా లోపలికి పోనివ్వరు. చాలామంది ముక్కుకీ మూతికీ గొట్టాలతో ఉంటారు కాబట్టి ఫోనున్నా మాట్లాడలేరు. అందుకని ఆమె ఆసుపత్రి వెబ్‌సైటులో "రోగికి కబురు" అని ఒక ఫారం పెట్టింది. బెడ్ నంబరు, మీ ఫోన్ నంబరు, కింద ఒక పెద్ద డబ్బా. అందులో రాసి, పంపు అనే బటన్ నొక్కితే కబురు వార్డు బయటి గదిలో కాగితం మీద అచ్చయ్యేది. సాయంత్రం నాలుగింటికి పెద్ద సిస్టర్ ఆ కాగితాలు లోపలికి పట్టుకెళ్ళి, చదవగలిగినవాళ్ళ చేతికిచ్చేది, చదవలేనివాళ్ళకి చదివి వినిపించేది.

ఒక మంగళవారం పొద్దున పెద్ద సిస్టర్ మెట్ల కింద గదికి వచ్చింది. వెనకాలే యాభై దాటిన ఒకావిడ. చూపుడువేలి కొసన సూది పోట్లు నల్లగా గట్టిపడి ఉన్నాయి.

"కంప్యూటరమ్మా, ఈవిడ పద్నాలుగో బెడ్ టీచరు గారి చెల్లెలు. బట్టలు కుడతారు" అంది పెద్ద సిస్టర్. టీచరు గారు పోయి అప్పటికి తొమ్మిది రోజులు. "సామాను తీసుకెళ్ళడానికొచ్చారు. అక్కకి తను పంపిన కబుర్లు ఒకసారి చూపించమంటున్నారు. నాకేం చెప్పాలో తోచక నీ దగ్గరికి తీసుకొచ్చాను."

ఆవిడ కూర్చోలేదు. "చూసి ఇచ్చేస్తానమ్మా. అక్క చదివిందా లేదా, చదివి ఏమైనా అందా అని, అంతే. అయిదు పంపాను. పంపినప్పుడల్లా 'మీ కబురు అందింది' అని వచ్చింది."

పెద్ద సిస్టర్ చేతిలో ఫైలు ఉంది. విప్పి అయిదు కాగితాలు బల్ల మీద పరిచింది. ప్రతి కాగితం పైన బెడ్ నంబరు, ఫోన్ నంబరు, తేదీ పొందిగ్గా ఉన్నాయి. కింద మొత్తం ప్రశ్నార్థకాలు. వరసల కొద్దీ ప్రశ్నార్థకాలు. మధ్యమధ్య ఒక కామా, ఒక చుక్క, ఒకచోట మాత్రం 6 అనే అంకె.

"ఇవి నావి కావు" అంది చెల్లెలు.

"పైన మీ నంబరే ఉందమ్మా."

"నంబరు నాదే. రాత నాది కాదు. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదే!"

కంప్యూటరమ్మ ఆ కాగితాలు చూసిన మొదటి క్షణంలోనే జరిగిందేమిటో సగం గ్రహించింది. "మధ్యాహ్నం దాకా టైమివ్వండమ్మా. చూసి చెప్తాను" అని మాత్రం అనగలిగింది.

చెల్లెలు బయట బల్ల మీద కూర్చుంది. గది తలుపు మూయడానికి కంప్యూటరమ్మకి మనసొప్పలేదు.

ముందు తన ఫోన్లోంచే ఫారం తెరిచి, ఒకటో నంబరు ఖాళీ బెడ్‌కి "అమ్మ" అని తెలుగులో రాసి పంపింది. పేజీలో తెలుగు చక్కగా కనిపించింది. పంపినప్పుడు బయల్దేరిన సమాచారం విప్పి చూస్తే అదీ సక్రమంగానే ఉంది. సర్వర్ దాకా అక్షరాలు అక్షరాల్లాగే వచ్చాయి. అక్కణ్ణించి కబుర్లు దాచే పట్టికలోకి వెళ్ళే ఒక్క అడుగులో మారిపోయాయి. పట్టికలో ఉన్నది నాలుగు ప్రశ్నార్థకాలు.

మూడు నెలల కింద పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు. పెట్టింది ఆమే. కొత్త పట్టిక తయారైనప్పుడు అది ఏ భాషల అక్షరాలు దాచుకోవాలో చెప్పే చోట, దానంతటదే వచ్చిన పాత అమరికని ఆమె మార్చకుండా వదిలేసింది. ఆ అమరికకి ఇంగ్లీషు అక్షరాలూ, అంకెలూ, మరికొన్ని గుర్తులూ తప్ప ఇంకేమీ తెలియవు. తెలియని అక్షరం వచ్చినప్పుడల్లా దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకం వేసుకుని ఊరుకుంటుంది. ఫిర్యాదు చెయ్యదు, వెనక్కి తిప్పి పంపదు. పైపెచ్చు అందిందని చెప్తుంది.

మార్చిన రోజున ఆమె ఫారాన్ని పరీక్షించింది కూడా. టెస్ట్, ఒకటి, రెండు, మూడు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. కాగితం బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సాయంత్రం తొందరగా ఇంటికెళ్ళింది.

మూడు నెలలపాటు ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. ఎక్కువమంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవాళ్ళు. తెలుగు లిపిలో రాసింది కొద్దిమందే. వాళ్ళ కబుర్లు ప్రశ్నార్థకాలై వచ్చినప్పుడు పెద్ద సిస్టర్ చీటీ రాసి కింద గదికి పంపింది. "ప్రింటర్ పిచ్చి గుర్తులు వేస్తోంది." ఆ చీటీ అందిన రోజు కంప్యూటరమ్మకి బాగా గుర్తు. పైకి వెళ్ళింది, ఇంకు డబ్బా మార్చింది, ప్రింటర్ పరీక్ష కాగితం ఒకటి తీసి చూసింది, అందులో అంతా బాగానే ఉంది. పిచ్చి గుర్తులున్న కాగితం ఒక్కటి చూపించమని అడగడానికి తోచలేదు.

అక్షరాలు గజిబిజిగా, ఏదో తెలియని భాషలా వచ్చి ఉంటే ఆశ ఉండేది. అలాంటప్పుడు అసలు సరుకు లోపల భద్రంగానే ఉంటుంది, తప్పుగా చదవడమే జరుగుతుంది, సరిగ్గా చదివే దారి పడితే మాట మాటా తిరిగొస్తుంది. ప్రశ్నార్థకం అలా కాదు. అక్షరం పోయాకే అది వస్తుంది. అది తెలిసి కూడా ఆమె రెండు గంటలు వెతికింది. సర్వర్ రాసుకునే చిట్టాలు తిరగేసింది, ప్రతులు దాచే డిస్కులు చూసింది. కబురు వచ్చిన వేళ ఉంది, ఎంత పొడుగో ఉంది. కబురు లేదు. మొత్తం అరవై మూడు కబుర్లు. పంతొమ్మిది మంది రోగులవి. వాళ్ళలో ఏడుగురు ఇంకా వార్డులో ఉన్నారు, ఎనిమిది మంది ఇళ్ళకి వెళ్ళారు, నలుగురు పోయారు.

అమరిక సరిదిద్దడానికి పట్టింది ఆరు నిమిషాలు. మళ్ళీ "అమ్మ" అని పంపింది. పైన ప్రింటర్లోంచి "అమ్మ" అనే వచ్చింది. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆమె అక్కడే గోడకి ఆనుకుని కాసేపు నిలబడిపోయింది.

సూపరింటెండెంటు గారు అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సాంకేతిక లోపం అని చెప్పు, చాలు. ఇప్పుడు బాగయింది కదా. పోయినవాళ్ళ ఇళ్ళలో మళ్ళీ పుండు రేపడం ఎందుకమ్మా?"

"ఆవిడ బయటే కూర్చుని ఉందండీ. పొద్దుట్నించి మంచినీళ్ళు కూడా తాగలేదు."

"నీ మీదికొస్తుంది."

"నామీదే రావాలి కదండీ."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, వెళ్ళమన్నట్టు తలూపారు.

చెల్లెలిని గదిలోకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. సర్వర్ సంగతి, తను చేసిన పరీక్ష సంగతి, చీటీ సంగతి, ఇంకు డబ్బా సంగతి. ఏదీ మింగలేదు. పెద్ద సిస్టర్ గుమ్మంలో నిలబడి వింది.

చెల్లెలు ఆ కాగితాలని ఒకటొకటిగా తిరగేసింది. ఆఖరికి "ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటే వచ్చేదా?" అని అడిగింది.

"వచ్చేదమ్మా."

"మా అక్క తెలుగు టీచరు. తెలుగుని ఆ అక్షరాల్లో రాస్తే చదవదు, అవతల పారేస్తుంది. అందుకని ఒక్కో అక్షరం వెతుక్కుని తెలుగులోనే కొట్టాను. ఒత్తులు ఎక్కడుంటాయో తెలీక మొదటిదానికి గంట పట్టింది." పెద్ద సిస్టర్ వైపు తిరిగింది. "మీరు ఇవి అక్కకి చూపించారా?"

పెద్ద సిస్టర్ తల దించుకుంది. "చూపించానమ్మా. ఎవరి కాగితం వాళ్ళకి ఇవ్వాలి కదా. ఇలా వచ్చింది టీచరు గారూ అని ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూసింది."

"ఏమంది?"

"ఎందుకులేమ్మా ఇప్పుడు."

"చెప్పండి సిస్టర్."

"నవ్వింది. 'అడగనీ. అది అడగాల్సిందే' అంది. ఆ మొదటి కాగితంలోనే ఆరు అంకె చూసి, 'ఆరేళ్ళని మాత్రం మర్చిపోలేదు' అంది. నేను అక్కాచెల్లెళ్ళ వేళాకోళం అనుకున్నాను. నాకు ఇరవై ఎనిమిది బెడ్లమ్మా. నాలుగోదో అయిదోదో ఇచ్చినప్పుడు మాత్రం ఏడ్చింది. 'జవాబు చెప్దామంటే ఊపిరి అందడం లేదు సిస్టర్' అంది."

చెల్లెలు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

తరవాత ఆమే చెప్పుకొచ్చింది. ఆరేళ్ళ కింద వాళ్ళమ్మకి జబ్బు ముదిరితే అక్క చెల్లెలికి కబురు చెయ్యలేదు. చెల్లెలు నెలలు నిండిన తన కూతురి దగ్గర ఉంది కదా, కంగారు పెట్టడం ఎందుకని ఆగింది. ఆగిన ఆ నాలుగు రోజుల్లో అమ్మ పోయింది. చెల్లెలు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎందుకు చెప్పలేదు, ఎందుకు చెప్పలేదు అని చుట్టాలందరి ముందూ అక్కని నిలదీసింది. అక్క నోరు విప్పలేదు. ఆనాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"ఇప్పుడు రాసింది అదేనమ్మా" అంటూ చెల్లెలు మొదటి కాగితం దగ్గరికి లాక్కుంది. తొలి వరసలో అయిదు ప్రశ్నార్థకాలు, ఒక కామా. ఆ తర్వాత ఆరు, మళ్ళీ అయిదు, ఒక చుక్క. సూది పోట్ల వేలు వాటి మీద మెల్లగా నడిపిస్తూ చదవడం మొదలుపెట్టింది. "అక్కా, నేనేమీ అడగను."

కంప్యూటరమ్మ తనకి తెలియకుండానే లెక్కపెట్టింది. అ, క, కింద ఒత్తుకి రెండు, దీర్ఘానికి ఒకటి. అయిదు. సరిపోయింది.

"ఎందుకు చెప్పలేదని ఇంక అడగను. అమ్మని నువ్వే చూసుకున్నావు, నేను చూడలేదు. అది ఒప్పుకోడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఈ 6 ఏళ్ళూ..." అంకె దగ్గర వేలు ఆగింది. "ఈ ఆరేళ్ళూ వృథా చేశాను. నువ్వు లేచి రా. నీకు జాకెట్లు కుట్టి ఉంచాను. కొలతలు పాతవే, చిక్కిపోయి ఉంటావు, వదులైతే మళ్ళీ సరిచేస్తాను."

కొంత దూరం పోయాక ఆగిపోయింది. ఇంక గుర్తు రాలేదు. మరో రెండు వరసలు మిగిలే ఉన్నాయి. వాటిమీద వేలు వెనక్కీ ముందుకీ తిప్పింది. "ఇక్కడేదో రాశాను. ఏం రాశానో... ఏదో మంచి మాటే రాశాను" అంది. ఆ మాటతో పెద్ద సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

కంప్యూటరమ్మ ఆమె ముందు నేల మీద కూర్చుంది. "తప్పు నాదమ్మా. పరీక్ష చేసేటప్పుడు ఒక్క తెలుగు మాట రాసి ఉంటే..."

"తెలుసు. చెప్పావు కదా" అంది చెల్లెలు. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. "చెప్పినందుకు నిన్ను తప్పుపట్టను. కానీ క్షమించానని మాత్రం అనలేనమ్మా. అంటే అబద్ధమవుతుంది. నేను ఇంకా నిలదీయడానికే రాశాననుకుని పోయింది మా అక్క."

కంప్యూటరమ్మ తలూపింది.

చెల్లెలు అయిదు కాగితాలనీ అంచులు కలిపి, బట్ట మడిచినట్టు మడిచింది. అక్క కళ్ళజోడు, రెండు చీరలు, దువ్వెన ఉన్న సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "లోపల ఇంకా ఉన్నారా, ఇలాంటి కబుర్లు వచ్చినవాళ్ళు?"

"ఏడుగురున్నారమ్మా."

"వాళ్ళవాళ్ళకి ఫోన్ చెయ్యి మరి. నాలుగు కావస్తోంది. ఇక్కడ కూర్చుని నాతో ఏడిస్తే ఏమొస్తుంది?"

ఆమె మెట్ల పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. కంప్యూటరమ్మ గోడ గడియారం చూసింది, మూడున్నర దాటింది. మొహం కడుక్కోకుండానే మొదటి నంబరు కలిపింది. ఎవరో మగమనిషి ఎత్తాడు, వెనక బండి మోత వినిపిస్తోంది.

"ఆసుపత్రి నుంచండీ" అందో లేదో, "ఏమైంది? మా ఆవిడకేమైంది?" అని అరిచాడు.

"ఆవిడకేం కాలేదండీ, కంగారు పడకండి. మీరు పంపిన కబుర్లు ఆవిడకి అందలేదు. తప్పు మావైపు జరిగింది. ఇప్పుడు మళ్ళీ రాసి పంపిస్తే ఈ సాయంత్రమే చదివిస్తాం."

"ఏ ఒక్కటీ అందలేదా?"

"లేదండీ."

"నెల నుంచీ రోజూ రాస్తున్నానమ్మా. మరి ఇన్నాళ్ళూ నేను పట్టించుకోలేదనుకుని ఉంటుందా?"

కంప్యూటరమ్మ కళ్ళు తుడుచుకుంది. "బండి పక్కన ఆపండి. ఇప్పుడే రాయండి. రాగానే నేనే పట్టుకెళ్ళి ఇస్తాను" అంది.